చేతులు జోడించి ఉన్నంతసేపు

మార్చి 2, ఆదివారం

వచ్చే ఆదివారం నుంచి మైదానంలో కుక్కతో పాటు పరిగెత్తాల్సింది నేనట. బస్సు కోసం కూడా పరిగెత్తని మనిషిని. అది వెళ్ళిపోతే ఇంకోటి వస్తుందిలే అని నిలబడే మనిషిని.

కుక్కపిల్లని తెచ్చుకున్నది మా ఆయన. డిపో పక్క మైదానంలో కుక్కల చేత అడ్డకర్రలు దూకించడం, గుడ్డ టన్నెల్లో దూరించడం, బల్ల ఎక్కించి కూర్చోబెట్టడం చూసి చూసి, రిటైరయ్యాక నేనూ ఇదే చేస్తానని కలవరించారు. ఎజిలిటీ అంటారట దాన్ని. రిటైరయ్యేదాకా కూడా ఆగలేక పిల్లని తెచ్చేశారు. తెచ్చిన కొద్ది రోజులకే మోకాలు పోయింది. ముప్పై ఏళ్లు టౌను బస్సు క్లచ్ తొక్కిన ఎడమ మోకాలు. ఆపరేషన్ బాగానే అయింది. నడవొచ్చు, పరిగెత్తకూడదు అన్నారు డాక్టరు గారు. ఎప్పటిదాకా అని ఆయన అడిగితే, డాక్టరు గారు చీటీ రాసుకుంటూ ఉండిపోయారు.

అప్పటినుంచి కిటికీ దగ్గర కుర్చీయే ఆయన లోకం. కింద పోయే బస్సుల్ని చూసి, "గేరు మార్చే పద్ధతేనా అది" అని గొణుగుతారు. వేరే మాట లేదు.

ఈరోజు మాత్రం మాట్లాడారు. ఊరి బయట ఫారం ఉన్నాయన ఒకాయన క్లబ్బుకి వస్తుంటాడు. కుక్కని తనకి ఇచ్చేయమని అడిగాడట. ఏప్రిల్ మొదటి ఆదివారం చిన్న కుక్కలకి పరీక్ష. పాసైన వాటినే బ్యాచిలో చేర్చుకుంటారు.

"నువ్వు పరిగెత్తించి పాసు చేయిస్తే మనింట్లో ఉంటుంది. లేదంటే ఫారానికి పంపేద్దాం. పరిగెత్తే జాతిని మూడు గదుల్లో పెట్టడం పాపమోయ్" అన్నారు.

సరే అన్నాను. నాకు కుక్క మీద మమకారం ఏమీ లేదు. ఆయన ముఖం చూడలేక ఒప్పుకున్నాను.

దాని పేరు తుర్రు. పిలిచినప్పుడల్లా ఏం చేస్తుందో అదే పేరు పెట్టాం.

మార్చి 9, ఆదివారం

కాన్వాసు బూట్లు కొనుక్కుని వెళ్ళాను. కాళ్లు నావిలా లేవు.

కోచ్ అమ్మాయికి నా వయసులో సగం కూడా ఉండదు. ఓపిక మాత్రం నాకు రెట్టింపు. ఏడాది నిండని కుక్కపిల్లలకి ఎముకలు లేతగా ఉంటాయట, అందుకని అడ్డకర్రల్ని నేల మీదే పరిచింది. అవి దాటించడం పెద్ద పని కాదట. అసలు కష్టమంతా మొదటి గీత దగ్గరేనట. కుక్కని గీత దగ్గర కూర్చోబెట్టి, మనం ముందుకి నడిచి, మొదటి కర్ర అవతల నిలబడేదాకా అది కదలకూడదు. పిలిచాకే రావాలి.

ఆయన ఇంట్లో రెండు మాటలు నేర్పారు. ఆగడానికి 'హోల్డాన్', పరిగెత్తడానికి 'రైట్ రైట్'. బస్సు భాష తప్ప ఆయనకి వేరే భాష ఎక్కడ వచ్చు.

"ఆంటీ, చెప్పండి మరి" అంది కోచ్.

"చెప్పాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. రెండుసార్లు."

తుర్రు ఈలోపు కోచ్ టోపీ నోట కరుచుకుని మైదానం చుట్టివస్తోంది. అప్పుడు కంచె అవతలి నుంచి ఆయన గొంతు వచ్చింది. "హోల్డాన్."

తుర్రు ఆగింది. మైదానంలో ఉన్న కుక్కలన్నీ ఆగాయి. రోడ్డు మీద సైకిలాయన కూడా కాలు కింద పెట్టాడు.

"అంకుల్, పరీక్షలో బయటివాళ్లు అరిస్తే ఫెయిలే" అంది కోచ్ నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. ఆటోలో ఇంటికొచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. ఆటోకి కిటికీలు లేవు, అయినా అలాగే చూశారు.

మార్చి 11, మంగళవారం

ఆస్పత్రి లినెన్ గదిలో నాతో పాటు ఇస్త్రీ చేసే ఆమె ఒక్కతే ఉంటుంది. చిరిగిన దుప్పట్లు, దిండు గలీబులు కుట్టడం, ఆపరేషన్ గౌన్లకి నాడాలు వేయడం నా పని. పక్క గదిలో బట్టలుతికే మిషన్లు తిరుగుతుంటే మనిషి మాట మనిషికి వినపడదు. గొంతు సాధన చేసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదనుకున్నాను. మిషన్లు గిర్రున తిరుగుతుండగా గుండెల నిండా గాలి పీల్చి, "హోల్డాన్" అన్నాను.

సరిగ్గా అప్పుడే మిషన్లన్నీ ఆగిపోయాయి.

"ఏంటక్కా, ఎవర్ని ఆపావు?" అంది ఇస్త్రీ ఆమె.

"ఏం లేదమ్మా. దగ్గు."

"మంచి దగ్గేనక్కా. ఇంకోసారి దగ్గు, నా భర్తకి ఫోన్లో వినిపిస్తా."

అబద్ధం చెప్పినందుకు సాయంత్రం ప్రార్థనలో క్షమాపణ అడిగాను.

మార్చి 12, బుధవారం

ఈరోజు తుర్రు ఏమీ నేర్చుకోలేదు. నేనూ అంతే.

మార్చి 15, శనివారం

క్లబ్బు టన్నెల్ చీకటిగా ఉందని తుర్రుకి భయం. ముక్కు పెట్టి, వెనక్కి వస్తోంది. స్టోరు ఇన్‌ఛార్జిని అడిగి, తుడుపుగుడ్డలకి పక్కన పడేసిన దుప్పట్లు నాలుగు తెచ్చుకున్నాను. తెల్లవి, వెలుతురు దిగుతుంది. గొట్టంలా కుట్టాను. రింగులకి ప్లాస్టిక్ పైపు కావాలి. కోసేది ఎవరు అనుకుంటూ ఊరికే పైకే అన్నాను.

ఆయన కిటికీ దగ్గర్నుంచి లేచొచ్చి, కత్తి అందుకుని, పైపు కోసి, వేడినీళ్లలో ముంచి వంచారు. ఆపరేషన్ అయ్యాక ఒక పనికి చెయ్యి పెట్టడం ఇదే మొదలు. నేను చూడనట్టు సూదిలో దారం ఎక్కించుకున్నాను. మెచ్చుకుంటే మానేస్తారు.

అత్తయ్య వచ్చి చూశారు. "ఇదేమిటే, కొండచిలువకి చొక్కా కుడుతున్నావా?"

అత్తయ్యకి ఎనభై దాటాయి. చెవులు దాదాపు పోయాయి. నా గొంతు పక్కవాళ్లకే వినపడదని అందరికీ తెలిసిందే. "పెళ్లయి వచ్చినప్పటి నుంచీ నువ్వు ఏం మాట్లాడావో నాకు ఒక్క ముక్క తెలీదు. అందుకే మన మధ్య గొడవల్లేవు" అంటారు వచ్చినవాళ్లందరితో.

హాల్లో టన్నెల్ పరిచాం. అవతలి చివర అత్తయ్య బిస్కెట్టు పట్టుకుని కూర్చున్నారు. తుర్రు టన్నెల్ పక్కనుంచి నడిచెళ్లి బిస్కెట్టు తిని వచ్చింది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ పక్కనుంచే వెళ్ళింది.

"దీనికి నీకన్నా తెలివుందిరా" అన్నారు అత్తయ్య కొడుకుతో.

చివరికి నేనే దూరాను. యాభై ఏళ్ల మనిషిని, ఆస్పత్రి ముద్రలున్న దుప్పట్లలోంచి పాక్కుంటూ అవతల తేలాను. లేద్దామంటే వీపు మీద ఏదో బరువు. వెనక్కి చూస్తే తుర్రు.

ఆయన నవ్వారు. కుర్చీ చెయ్యి పట్టుకుని, కళ్లు తుడుచుకునేంత నవ్వారు. కుక్క మీద మమకారం లేదు గానీ, ఇంట్లో ఆ చప్పుడు విని చాలా రోజులైంది.

మార్చి 19, బుధవారం

ఫారం ఆయన వచ్చాడు. మంచి మనిషి. చెడ్డవాడైతే బాగుండేది.

తుర్రు పళ్లు చూశాడు, కాళ్లు తడిమాడు. "ఎముక బాగుందమ్మా. మా దగ్గర కంచె కూడా అవసరం లేదు, ఎంత దూరమైనా పరిగెత్తొచ్చు" అన్నాడు. తుర్రు ఆయన బూటు లేసు విప్పింది. దానికీ ఆయన నవ్వాడు.

టీ ఇచ్చాను. ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టేశాడు. తర్వాత మిగిలింది రుచి చూస్తే పంచదార లేదు. ఎప్పుడూ మరిచిపోను. ఎలా మరిచిపోయానో.

వెళ్ళేటప్పుడు మా ఆయనతో, "మీ ఆవిడకి పిల్లాడంటే ప్రాణంలా ఉందే" అన్నాడట. ఆయన నాకు చెప్పి నవ్వారు.

అదేం లేదు. సోఫా కింద చేరిన వాణ్ణి బయటికి తీసి ఒళ్లో కూర్చోబెట్టుకున్నది, వచ్చినాయనకి అడ్డం రాకుండా ఉండాలనే.

మార్చి 22, శనివారం

అత్తయ్య ఒక విషయం చెప్పారు. నాకు ఇంతవరకూ తెలియదు.

పొద్దున లేవగానే స్నానం చేసి, వంటింటి పక్కన దేవుడి గూడు ముందు కూర్చుని ప్రార్థన చేసుకుంటాను. తర్వాత టీ, రెండు బిస్కెట్లు. తుర్రు ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ అందులో ఒకటి వాడిదే. ఆయన ఆ వైపు రారు. "రోడ్డు మీద దేవుణ్ణి చాలాసార్లు చూశాను. బ్రేకులు పడనప్పుడల్లా కనిపిస్తాడు. ఇంట్లో కూడా ఎందుకు" అంటారు. నేను ప్రార్థనకి కూర్చోగానే ఆయన రేడియో పెడతారు. అలవాటైపోయింది.

"నువ్వు ఆ కుక్కకి ఏం మందు పెట్టావే?" అన్నారు అత్తయ్య టీ తాగుతూ.

"ఏం పెట్టలేదత్తయ్యా."

"ఆఁ?"

"ఏం పెట్టలేదు" అని చెయ్యి ఊపాను.

"మరి నువ్వు చేతులు జోడించి కూర్చున్నంతసేపూ అది గుమ్మంలో బొమ్మలా కూర్చుంటుందేం? తోక కూడా ఆడించదు. నువ్వు చేతులు విడదీశావా, ఎగిరొచ్చి పడుతుంది. చెవులు పోయాక నాకు కళ్లే కదా దిక్కు, రోజూ చూస్తున్నా."

సాయంత్రం కింది పెరట్లో ఎవరూ లేనప్పుడు చేతులు జోడించాను. తుర్రు పరుగు ఆపి కూర్చున్నాడు. గేటు దాకా వెనక్కి నడిచాను. కదల్లేదు. పిచ్చుక వచ్చి వాడి ముందే వాలింది. కళ్లు తిప్పాడు, ఒళ్లు తిప్పలేదు. చేతులు విడదీశాను. బాణంలా వచ్చాడు.

క్లాసుల్లో నేను నేర్పింది ఏదీ వాడికి రాలేదు. నేను నేర్పుతున్నానని నాకే తెలియంది మాత్రం పూర్తిగా వచ్చేసింది.

మార్చి 23, ఆదివారం

కోచ్‌కి చెప్పలేదు. క్లాసులో 'హోల్డాన్' అనే అన్నాను. వాడు రెండుసార్లు టన్నెల్లో దూరాడు, గీత దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు.

చెప్పాలని లేదు. ఆ చేతులు దేవుడికి జోడించేవి. బిస్కెట్టు కోసం కూర్చున్న కుక్కని ఆపడానికి వాటిని వాడటం తప్పు. నాకు అలా అనిపిస్తోంది, అంతే.

మార్చి 25, మంగళవారం

పొద్దున ప్రార్థనలో ఒక కన్ను తెరిచి గుమ్మం వైపు చూశాను. వాడు రెండు కళ్లూ తెరిచి నన్నే చూస్తున్నాడు. ఇద్దరిలో ఎవరి భక్తి నయమో.

మార్చి 30, ఆదివారం

పరీక్షకి ముందు ఆఖరి క్లాసు. గీత దగ్గర తొమ్మిది సార్లో పది సార్లో కూర్చోబెట్టాను. అన్నిసార్లూ లేచాడు. చివరికి నా గొంతు బొంగురుపోయింది. అసలే లేని గొంతు.

ఇంటికి రాగానే ఆయన, "ఇక చాలోయ్. నిన్ను నువ్వు హింసపెట్టుకుంటున్నావు, పిల్లాణ్ణీ హింసపెడుతున్నావు" అని ఫారం ఆయనకి ఫోన్ చేశారు. ఆదివారం పరీక్షకి వ్యాను తెచ్చుకోమన్నారు. ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గరకి వెళ్ళి కూర్చున్నారు. బస్సులు పోయాయి. ఒక్క డ్రైవర్ని కూడా తిట్టలేదు.

అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచారు.

"చేతులు జోడిస్తే అయిపోయేదానికి ఎందుకే ఈ తంటా?"

అది దేవుడికి మాత్రమేనని పలక మీద రాసి చూపించినట్టు నెమ్మదిగా పెదాలు కదుపుతూ చెప్పాను.

"మా వాడు విసిగించినప్పుడల్లా 'మీకో దండం' అని రెండు చేతులూ పైకెత్తుతావు. రోజుకి నాలుగుసార్లు చూస్తుంటాను. అప్పుడెప్పుడైనా దేవుడు అలిగాడా?"

"అది వేరత్తయ్యా."

"ఆఁ?"

"వేరే."

"వేరే లేదు, ఏం లేదు. మా వాడికన్నా ఆ కుక్క నయం."

అత్తయ్య మాటలు అత్తయ్యవి. నా మనసు ఒప్పుకోలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

వాడి గిన్నె, తాడు, నమిలిన చెప్పు ఒక సంచిలో పెట్టాను. ముందే సర్దితే ఆ రోజు హడావిడి ఉండదని. చెప్పు నాదే. ఇప్పుడు రెండోది కూడా పనికిరాదు కాబట్టి దాన్నీ పెట్టాను.

మళ్ళీ తీసి, ఒకటి ఉంచుకున్నాను.

ఏప్రిల్ 5, శనివారం

రాయడానికి ఏమీ లేదు. మమకారం లేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

బూట్లు కూడా విప్పకుండా రాయడానికి కూర్చున్నాను. వరసగా రాస్తాను.

మైదానం నిండా జనం. జడ్జి గారు తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన, మెడలో విజిలు. కంచె అవతల ఆయన, పక్కన అత్తయ్య కుర్చీ, వాళ్ల వెనక ఫారం ఆయన వ్యాను. వ్యాను డోరు తెరిచే ఉంది. నేను అటు చూడకూడదనుకుని అటే చూశాను.

మా వంతు వచ్చింది. తుర్రుని గీత దగ్గర కూర్చోబెట్టి, "హోల్డాన్" అని ముందుకి నడిచాను. రెండడుగులు వేశానో లేదో, వాడు నన్ను దాటి పోయి జడ్జి గారి బూటు లేసు విప్పుతున్నాడు. విజిలు వేశారు. మళ్ళీ మొదలుపెట్టడానికి ఒక్క అవకాశం ఇస్తారు. కంచె అవతల మా ఆయన తల తిప్పేసుకున్నారు. అరుద్దామని నోరు తెరిచి, రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

వాణ్ణి తెచ్చి గీత దగ్గర కూర్చోబెట్టాను. మైదానం సంగతి, పరీక్ష సంగతి మరిచిపోయాను. కళ్లు మూసుకున్నాను. ఏమడిగానో ఇక్కడ దాచి ఏం లాభం. 'వీణ్ణి నాకు ఉంచు తండ్రీ' అన్నాను. మా ఆయన కోసం కాదు, కుక్క బాగు కోసం కాదు. నాకు, అన్నాను.

కళ్లు తెరిచేసరికి నా చేతులు జోడించి ఉన్నాయి. ఎప్పుడు జోడించానో తెలియదు. తుర్రు రాయిలా కూర్చుని ఉన్నాడు.

విడదీస్తే పరిగెడతాడు. విడదీయకుండా వెళ్ళాలి. జోడించిన చేతులతోనే వెనక్కి వెనక్కి నడిచాను. మొదటి కర్ర తగిలి తూలాను. చేతులు విడలేదు. జనం నవ్వుతున్నారు. ఎవరో "పాపం, కుక్కని బతిమాలుతోంది" అన్నారు. నిజమే, బతిమాలుతున్నాను, కానీ కుక్కని కాదు. కర్ర అవతల నిలబడి, జడ్జి గారు తల ఊపాక, చేతులు విడదీశాను.

కర్రలు దాటడం నేను చూడలేదు, ముందు పరిగెడుతున్నాను కదా. వాడి గోళ్ల చప్పుడు విన్నాను. టన్నెల్ నల్లగా నోరు తెరుచుకుని ఉంది. వంగి చెయ్యి చూపించాను. దూరాడు. నేను అవతలికి చేరేసరికి వాడు వచ్చి, ఇంత ఆలస్యమేంటన్నట్టు చూస్తున్నాడు. బల్ల ఎక్కాడు. అక్కడ విజిలు పడేదాకా కూర్చోవాలి. కూర్చోలేదు. జనాన్ని, పక్షుల్ని, వ్యానుని, అన్నిటినీ చూస్తూ గుండ్రంగా తిరుగుతున్నాడు.

ఇంక ఆలోచించలేదు. జడ్జి గారి ఎదురుగా, బల్ల ముందు నిలబడి చేతులు జోడించాను. తుర్రు టక్కున కూర్చున్నాడు.

జడ్జి గారు తనకేదో మర్యాద చేస్తున్నాననుకున్నారు. టోపీ తీసి, విజిలు వదిలేసి, ఆయన కూడా నాకు చేతులు జోడించారు. ఆయనా విడదీయరు, నేనూ విడదీయను. తుర్రు ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి ఆయన్ని చూశాడు, ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు. కోచ్ అమ్మాయి నవ్వాపుకోలేక కడుపు పట్టుకుని వెళ్ళి, "సార్, విజిల్" అనేదాకా అలాగే ఉన్నాం.

పాసయ్యాడు. పరుగు నెమ్మది, కానీ అంత కదలకుండా కూర్చున్న పిల్లని ఈ ఏడు చూడలేదని జడ్జి గారు కాగితం మీద రాశారు.

ఫారం ఆయన వ్యాను డోరు మూసి నా దగ్గరికి వచ్చాడు. "వీడి అన్నదమ్ముడొకడు ఇంకో చోట ఉన్నాడమ్మా, వాణ్ణి చూసుకుంటాను. ఈసారి ఇంటికొస్తే టీలో పంచదార వేస్తారా?" అన్నాడు. తల వంచుకున్నాను.

మా ఆయన ఆటోలో తుర్రుని ఒళ్లో పెట్టుకున్నారు. ఇంటి సందు మలుపులో అడిగారు. "ఆ చేతుల సంగతి ఎవరు నేర్పారోయ్?"

"నేనే. కానీ నేను నేర్పలేదు."

"అదేం మాట?"

"రేప్పొద్దున రేడియో పెట్టకుండా చూడండి. తెలుస్తుంది" అన్నాను.

నా జన్మలో ఆయనకి ఇలా చెప్పడం ఇదే మొదటిసారి. పెద్ద గొంతుతోనే చెప్పాను. అత్తయ్యకి కూడా వినపడింది.

ఏప్రిల్ 7, సోమవారం

సంచి విప్పి గిన్నె గిన్నె చోట, చెప్పులు రెండూ వాడి చాప మీద పెట్టాను. స్నానం చేసి కూర్చున్నాను. ముందు, చేతుల విషయంలో నా తప్పు ఏదైనా ఉంటే క్షమించమని అడిగాను. మనసుకి హాయిగానే ఉంది. క్షమించే ఉంటాడు.

రేడియో మోగలేదు.

ప్రార్థన అయిపోయి కళ్లు తెరిస్తే, గుమ్మంలో తుర్రు పక్కన ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాలు చాపి, రెండు చేతులూ జోడించి. చూపు నా మీద కాదు, కుక్క మీద. నేను చేతులు విడదీశాను. తుర్రు లేవబోయి, పక్కన ఆయన చేతులు చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"చూశావా, నాకు కూడా ఆగుతున్నాడు" అన్నారు గుసగుసగా. కిటికీ దగ్గర కూర్చునే మనిషి ముఖం కాదది. "పరిగెత్తేది నువ్వు. ఆపేది నేను చూసుకుంటాను. ఏమంటావు?"

"అలాగే."

"ఎంతసేపు ఉంచాలి ఇలా?"

"నేను టీ, బిస్కెట్లు తెచ్చేదాకా. మధ్యలో విడదీశారంటే పాడైపోతాడు."

అత్తయ్య తన గదిలోంచి తొంగి చూశారు. కొడుకు దేవుడి గూడుకి ఎదురుగా చేతులు జోడించి కూర్చోవడం ఆవిడ మా పెళ్లినాటి నుంచి చూసి ఉండరు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నా వైపు చెయ్యి ఊపారు. నెమ్మదిగా కానియ్యి, అన్నట్టు.

పాలు పొయ్యి మీద పెట్టాను. మంట తగ్గించాను.